ఆలస్యమునకు కారణము

బోరబండ హైస్కూలు, తొమ్మిదో తరగతి, బి సెక్షను.
పద్దెనిమిదేళ్ళుగా అదే పాత నాటకం చెబుతున్నాను.
అయిదంకాలు, నలభై పద్యాలు,
చివర ఒక శవం.
గంట కొట్టేలోపు మంత్రి తల తెగాలి,
లేకపోతే సిలబస్ వెనకబడుతుంది.

ఈ ఏడు వెనక వరసలోంచి ఓ గొంతు లేచింది:
"రాజుకు వాట్సాప్ ఉంటే ఎట్లుండు టీచర్?"

ఉండనిద్దాం, చూద్దాం అన్నాను.
బళ్ళోకి ఫోను రాకూడదన్నారు హెడ్మాస్టరుగారు
కళ్ళద్దాల మీంచి.
అందుకని కొలువు ఇళ్ళల్లోనే తీర్చాం.

రాజు ఓంకార్. డీపీలో
పెళ్ళిబట్టల దుకాణం బొమ్మ మీది కిరీటం.
రాణి స్టేటస్ గంటకోసారి మారుతుంది, ఊరికే.
మంత్రి అనని మాట అన్నట్టు
సేనాపతి ఒక స్క్రీన్‌షాట్ పుట్టించాడు.
మూలంలో ఈ కుట్రకు నాలుగు సీసాలు,
రెండు పేజీల వచనం పట్టింది.
వీడికి బొటనవేలు చాలింది.

దాచడమెందుకు, కొంచెం మనసు చివుక్కుమంది.

ఇర్ఫాన్ మాత్రం బల్ల మీద దరువేసి
పద్యాన్ని ముప్పై సెకన్ల రీలు చేసుకొచ్చాడు:

నమ్మినట్టి వాని నరికిన చేతికి
నీరు పోయగలదె నింగియైన

కొంగు చాటున వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టాను.
ఒక్కటీ జారలేదు.
ఆటవెలది అంటే ఏమిటో వాడికి తెలియదు.
ఆటవెలదికి వాడు తెలుసు కాబోలు.

ద్వారపాలకుడి వేషం ఎవరికీ వద్దు.
నాటకం మొత్తంలో రెండే మాటలు.
"ప్రభూ, వార్త తెచ్చితిని."
"ఆలస్యమైనది, క్షమింపుడు."
గోడవారన కూచునే తనూజకు అంటగట్టాం.
ఆ పిల్ల ఊ అనలేదు, ఊహూఁ అనలేదు.

గురువారం రాత్రి ఏడింటికి అయిదో అంకం.
మంత్రి నిర్దోషి అన్న ఉత్తరం
తనూజ దగ్గరుంది.
ఒకటే టిక్కు పడుతోంది.
ఎక్కడున్నవే, తొందరగ రావే, అని నలుగురు.
ఏడుంబావుకి రాజు ఆజ్ఞ అయింది.
బూడిదరంగు సన్నక్షరాల్లో ఒక్క వరస:
ఓంకార్ మంత్రిని తొలగించారు.

పది దాటి పన్నెండు నిమిషాలకు
ద్వారపాలకుడు వచ్చాడు.
ప్రభూ, వార్త తెచ్చితిని.
ఆలస్యమైనది, క్షమింపుడు.
దాని కింద, పుస్తకంలో లేని మాట:
"ఫోన్ అమ్మ దగ్గర ఉంటది. అమ్మ హైటెక్ సిటీల
ఆఫీసు బాత్రూములు కడుగుతది.
మెట్రో దిగినంక షేర్ ఆటో నిండేదాక కదలదు."

రాజు ఏదో టైపు చేస్తున్నట్టు కనబడింది.
ఆగింది.
మళ్ళీ కనబడింది.
ఏమీ రాలేదు.

ఆ రాత్రి నా పాత పుస్తకం తీశాను.
ఆ పేజీ అంచున, నా చేతిరాతే, ఎర్ర సిరాతో:
ద్వారపాలకుడు, ద్వారమును పాలించువాడు, విగ్రహవాక్యం.
రాజు ఎందుకు అనుమానించాడని అడిగాను ప్రతి ఏడూ.
మంత్రి శీలాన్ని పది వాక్యాల్లో వర్ణించమన్నాను.
ఆ రెండు మాటలవాడు
ఎన్ని వాకిళ్ళు దాటి వచ్చాడో,
కాలికి చెప్పులున్నాయో లేదో
ఎవర్నీ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.
హాజరు పట్టీలో మాత్రం రోజూ
ఆలస్యమైన పిల్లల పేర్ల కింద గీత గీస్తూనే ఉన్నాను.

శుక్రవారం తనూజను ఎవరూ ఏమీ అనలేదు.
ఓంకార్ ఒక్కడే లేచి నిలబడ్డాడు, తల గోక్కుంటూ:
"టీచర్, అయిదో అంకం
ఏడింటికి గాదు, పదిన్నరకు పెడదామా?"

"అట్లయితే మంత్రి సావడు గదరా" అంది రాణి.

"సావకుంటే ఏమైతది?"

క్లాసంతా నా వైపు చూసింది.
చేతిలో సుద్దముక్క.
బోర్డు మీద సగం రాసిన
'విషాదాంతము'.

గంట కొట్టారు.
ఎవరూ లేవలేదు.